పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మేజర్ టేలర్, తొలినాటి ట్రాక్ సైక్లింగ్

గత నెల ఈ శీర్షికలో సైకిల్ పందేల చరిత్ర గురించి రాస్తూ, 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ విజేతగా నిలిచిన అమెరికా నల్లజాతి క్రీడాకారుడు మేజర్ టేలర్ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించాం. ఆ వాక్యం చదివి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలు చాలా ఉన్నందున ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాం. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒకచోటే జవాబు ఇచ్చాం.

ప్రశ్న: టేలర్ గారి బాల్యం గురించి, ఆయన పందేల్లోకి వచ్చిన తీరు గురించి వివరంగా చెప్పగలరా? బండి తోలేవారి ఇంటి పిల్లవాడికి ఆ రోజుల్లో అంత ఖరీదైన సైకిల్ ఎలా దొరికింది?
– డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: మార్షల్ వాల్టర్ టేలర్ 1878 నవంబరు 26న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టారు. ఆ దేశంలో బానిసత్వం రద్దయి అప్పటికి పదమూడేళ్లే అయింది. తండ్రి గిల్బర్ట్ టేలర్, సదర్డ్ అనే సంపన్న శ్వేతజాతి కుటుంబం దగ్గర గుర్రపు బండి తోలేవారు. ఆ ఇంటి అబ్బాయి డేనియల్‌ది, టేలర్‌ది ఇంచుమించు ఒకే ఈడు కావడంతో, ఆ కుటుంబం వారు ఈ పిల్లవాడిని తమ ఇంట్లోనే ఉంచుకుని, తమ కొడుకుతో పాటు చదువు చెప్పించి, ఆటల్లో కలుపుకొని, చివరకు ఒక సైకిల్ కూడా ఇచ్చారు. కొన్నేళ్లకు వారు షికాగోకు తరలిపోయారు. కన్నతల్లి అంత దూరం పంపడానికి ఒప్పుకోకపోవడంతో టేలర్ తిరిగి సొంత ఇంటికి చేరుకుని, అదే సైకిల్ మీద తిరుగుతూ పత్రికలు వేసి నాలుగు డబ్బులు సంపాదించడం మొదలుపెట్టారు. ఆయన జీవితం మొత్తం ఆ కుటుంబం దయ వల్లే మలుపు తిరిగిందన్నట్టు కొందరు రాస్తారు. అది సగం నిజమే అని నా అభిప్రాయం. సైకిల్ ఇచ్చింది వారే గాని, ఆ సైకిల్ మీద గంటల తరబడి ఒంటరిగా విన్యాసాలు సాధన చేసి, దాన్ని బతుకుదెరువుగా మార్చుకున్నది ఆ పిల్లవాడే.

ఆ విన్యాసాలు చూసి, హే అండ్ విలిట్స్ అనే సైకిల్ దుకాణం వారు ఆయనను పనిలో పెట్టుకున్నారు. దుకాణం ఊడ్చి తుడవడం ఒక పని, సైనికుల దుస్తుల వంటి దుస్తులు తొడుక్కుని దుకాణం ముందు విన్యాసాలు చేసి జనాన్ని ఆకర్షించడం మరో పని. ఆ దుస్తుల వల్లనే జనం ఆయనను మేజర్ అని పిలవసాగారు. అదే దుకాణం వారు ఒకసారి ఆయనను పది మైళ్ల రోడ్డు పందెంలో నిలబెట్టారు. కుర్రవాడు కావడం వల్ల పెద్దల కన్నా ముందుగా బయలుదేరే వెసులుబాటు ఇచ్చినా, ఆ ఆధిక్యాన్ని చివరిదాకా నిలబెట్టుకుని గెలిచారు.

అది సైకిల్ పిచ్చి పట్టిన కాలం. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, వెనక చక్రాన్ని చైను తిప్పే సైకిల్‌ను బజారులోకి తెచ్చారు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపే టైరు తయారుచేశారు. ఈ రెండూ కలిసిన తరువాత పదేళ్లలోనే అమెరికా నగరాల్లో సైకిల్ పందేలు వేలమంది టికెట్ కొనుక్కుని చూసే ఆటగా మారాయి. ఒకప్పుడు తానే పందెగాడై, తరువాత సైకిళ్ల తయారీలోకి దిగిన లూయీ మంగర్ అనే పెద్దమనిషి టేలర్‌లోని సత్తాను గుర్తించి, తన దగ్గర పెట్టుకుని శిక్షణ ఇచ్చారు. నల్లజాతి కుర్రవాడిని అంత దగ్గరగా చేరదీయడం ఇండియానాపొలిస్‌లో పలువురికి కిట్టలేదు. ఆ ఊరి వైఎంసీఏ వ్యాయామశాలలోకి టేలర్‌కు ప్రవేశమే లేదు. 1895లో మంగర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌కు మకాం మారుస్తూ ఆయననూ వెంట తీసుకువెళ్లారు. వూస్టర్‌లో వ్యాయామశాల తలుపులు తెరుచుకున్నాయి, సాధనకు జార్జ్ స్ట్రీట్ అనే నిట్టనిలువు మిట్ట దొరికింది. ఆ మిట్టను టేలర్ ఎక్కిన జ్ఞాపకంగా ఆ ఊళ్లో ఈనాటికీ పోటీ నిర్వహిస్తున్నారు.

1896 డిసెంబరులో, పద్దెనిమిదేళ్లు నిండిన కొద్ది రోజులకే, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన తొలిసారి వృత్తి క్రీడాకారుడిగా దిగి, అర మైలు పందెంలో అప్పటి అమెరికా స్ప్రింట్ (పొట్టి దూరపు పందెం) విజేత ఎడ్డీ బాల్డ్‌ను ఓడించారు.

ప్రశ్న: నాది సైకిల్ షాపు. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవని, ఫ్రీవీల్ కూడా ఉండదని మా అబ్బాయి చెబితే నమ్మలేకపోయాను. అది నిజమైతే బండి ఎలా ఆగుతుంది? వాలుగా ఉండే ట్రాక్ మీద జారిపోరా?
– సైకిల్ షాపు యజమాని, చీపురుపల్లి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ట్రాక్ సైకిల్‌లో వెనక పళ్లచక్రాన్ని హబ్బుకు నేరుగా బిగిస్తారు. అది ఊడిపోకుండా దాని మీద ఎడమ మర ఉన్న రింగును మరొకదాన్ని ఎక్కిస్తారు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు ఊరకే నిలపడం అన్నది ఈ బండి మీద కుదరదు. వేగం తగ్గించాలంటే పెడల్ తిరిగే దిశకు ఎదురుగా కాలితో అదిమిపట్టాలి. పందెం ముగిశాక ఒకటి రెండు చుట్లు తిరుగుతూ, వాలు పైభాగానికి ఎక్కుతూ నెమ్మదిగా ఆపుతారు. బ్రేకు లేకపోవడమే ఇక్కడ భద్రత. జానెడు దూరంలో ఒకరి వెనక ఒకరు పోతున్నప్పుడు ముందున్నవాడు ఉన్నపళంగా బ్రేకు వేస్తే వెనక ఉన్నవారంతా మీద పడతారు. ఎవరి దగ్గరా బ్రేకు లేనప్పుడు ఎవరూ ఉన్నట్టుండి ఆగలేరు కనుక, ముందువాడి కదలికను వెనకవాడు ఊహించగలడు.

వాలు గురించి. మలుపులో వేగంగా పోయేవాడు లోపలికి ఒరగక తప్పదు. ఆ ఒరుగుకు తగ్గట్టు నేలనే వంచితే, టైరు నేలకు ఇంచుమించు నిటారుగా ఉండి పట్టు నిలుస్తుంది. ఇప్పటి 250 మీటర్ల చెక్క ట్రాకుల్లో మలుపుల దగ్గర వాలు 42 డిగ్రీల దాకా ఉంటుంది. మీరు భయపడినట్టు జారిపోవడం జరిగేది వేగం ఎక్కువైనప్పుడు కాదు, బాగా తగ్గినప్పుడు. టేలర్ కాలంలో ట్రాకుల కొలతలు ఊరికొక తీరుగా ఉండేవి. పారిస్‌లోని పార్క్ దే ప్రెన్స్ ట్రాక్ చుట్టుకొలత 666 మీటర్లు. భవనాల లోపల శీతాకాలంలో వేసే చెక్క ట్రాకులు ఇంతకన్నా ఎంతో చిన్నవి, మలుపులు మరీ ఇరుకు.

మీ వృత్తికి దగ్గరైన విషయం మరొకటి చెబుతాను. ట్రాక్ సైకిల్‌కు గేరు ఒక్కటే కనుక, ఏ పళ్లచక్రం వేసుకోవాలన్నది పందేనికి ముందే తేల్చుకోవాలి. 28 అంగుళాల చక్రాలు, ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న మామూలు బండిని తీసుకుంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు కదులుతుంది. చక్రం అంగుళాలను ముందు పళ్లతో గుణించి వెనక పళ్లతో భాగించే పందెగాళ్ల లెక్కలో ఇది 68 అంగుళాల గేరు. అదే 90 అంగుళాల గేరు వేస్తే ఒక చుట్టుకు ఏడు మీటర్లు దాటుతుంది, అయితే నిలబడి ఉన్న చోటు నుంచి దాన్ని కదిలించడానికి కాళ్ల బలం అంతా పెట్టాలి. పెద్ద గేరు వేస్తే ఎదుటివాడు ఒక్కసారిగా దూసుకుపోయినప్పుడు అందుకోలేరు. చిన్న గేరు వేస్తే చివరి వంద గజాల్లో కాళ్లు ఎంత వేగంగా ఆడించినా చాలదు. ఈ ఎంపిక మీదే ఎన్నో పందేలు తేలిపోయేవి. టేలర్ తన ఒళ్లు బాగా ముందుకు చాచి, వీపు నేలకు సమాంతరంగా ఉంచి తొక్కేవారు. అందుకు వీలుగా హ్యాండిల్‌ను ముందుకు జరిపి, కావలసిన చోట బిగించుకునే కడ్డీని వాడారు. ఆ తరహా కడ్డీని ఈనాటికీ పాత సైకిళ్లను సేకరించేవారు ఆయన పేరుతోనే పిలుస్తారు.

ప్రశ్న: మా చిన్నతనంలో ఊరూరా తిరుగుతూ, బడి మైదానంలో మైకు పెట్టి, రోజుల తరబడి సైకిల్ దిగకుండా గుండ్రంగా తొక్కేవారు వచ్చేవారు. తిండి, స్నానం అన్నీ సైకిల్ మీదే. చివరి రోజున ఊళ్లోవారు నోట్ల దండలు వేసేవారు. విదేశాల్లో కూడా ఇలాంటి పందేలు ఉండేవా?
– విశ్రాంత ఉద్యోగి, పాలకొండ

జవాబు: ఉండేవండీ, అవి నిజంగా పందేలే. మన ఊళ్లలో ఒక్కడే తొక్కేవాడు, దూరం లెక్క ఎవరూ చూసేవారు కాదు, దిగకుండా ఉండటమే గొప్ప. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగే ఆరు రోజుల పందెంలో పదుల సంఖ్యలో పోటీదారులు ఒకే ట్రాక్ మీద దిగేవారు. దిగి నిద్రపోవచ్చు, తినవచ్చు, కాని దిగినంతసేపూ ఎదుటివాడి చుట్లు పెరుగుతూ ఉంటాయి. ఆదివారం వినోదాల మీద ఆంక్షలు ఉన్నందున ఆరు రోజులకు పరిమితం చేశారు, లేకుంటే ఎంతకాలం సాగించేవారో.

ఎడ్డీ బాల్డ్‌ను ఓడించిన వెంటనే టేలర్ దిగింది ఈ పందెంలోకే. అర మైలు పందెగాడు ఆరు రోజుల పందెంలోకి దిగడం కోడి పుంజును నాగలికి కట్టినట్టే. అయినా ఆయన చివరిదాకా నిలిచి, 1,732 మైళ్లు, అంటే సుమారు 2,787 కిలోమీటర్లు తొక్కి ఎనిమిదో స్థానంలో ముగించారు. గెలిచిన టెడ్డీ హేల్ 1,910 మైళ్లు తొక్కాడు. నిద్రలేమితో పోటీదారులకు మతి చలించేది. ఎవరో కత్తి పట్టుకుని ట్రాక్ చుట్టూ తనను తరుముతున్నారని టేలర్ చెప్పి ఇక తొక్కనన్నట్టు నాటి పత్రికలు రాశాయి. అలా అన్న మనిషిని నచ్చజెప్పి మళ్లీ సైకిల్ ఎక్కించారు. ఇది క్రీడ పేరుతో జరిగిన క్రౌర్యమే అని నా నిశ్చితాభిప్రాయం. అప్పటి జనానికీ అలాగే తోచింది కాబోలు, 1890ల చివర న్యూయార్క్ రాష్ట్రం ఒక పోటీదారు రోజుకు పన్నెండు గంటలకు మించి తొక్కరాదని చట్టం చేసింది. నిర్వాహకులు ఇద్దరేసి జట్లుగా పెట్టి, ఒకరు విశ్రాంతి తీసుకుంటుంటే మరొకరు తొక్కే పద్ధతి తెచ్చారు. ఈనాటి ఒలింపిక్స్‌లో ఉన్న మాడిసన్ అనే జట్టు పందెం అందులోంచి పుట్టినదే. టేలర్ మాత్రం మళ్లీ పొట్టి దూరాలకే కట్టుబడి ఉన్నారు.

ప్రశ్న: తోటి పోటీదారులు ఆయనను అడ్డుకున్నారని చదివాను. అంతమంది ప్రేక్షకుల ముందు, న్యాయనిర్ణేతల ముందు అది ఎలా సాధ్యమైంది? పిల్లలకు తరగతిలో చెప్పడానికి వివరంగా రాయగలరు.
– ఉపాధ్యాయురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, మీరు పిల్లలకు చెప్పేటప్పుడు ముందుగా గాలి గురించి చెప్పండి, అప్పుడు మిగతాది వారికి సులువుగా అర్థమవుతుంది. చదును నేల మీద వేగంగా పోయే సైకిల్‌కు ప్రధాన శత్రువు గాలి. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ముందు పోయేవాడి వెనక అంటిపెట్టుకుని పోయేవాడికి దాదాపు మూడింట ఒక వంతు శ్రమ తప్పుతుంది. కాబట్టి ట్రాక్ పందెంలో అందరికన్నా ముందు ఉండటం లాభం కాదు, చివరి చుట్టు దాకా నష్టమే. ఎవరి వెనక ఉండాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్నదే ఆట.

ఇప్పుడు పది మంది పోటీదారుల్లో ఏడెనిమిది మంది లోలోపల కూడబలుక్కుని, ఒకే మనిషిని ఓడించాలనుకున్నారని ఊహించండి. ఒకడు ముందు, ఒకడు పక్కన, ఒకడు వెనక చేరి ఆ మనిషిని లోపలి గీత దగ్గర బంధిస్తారు. అతడు బయటికి రాలేడు, వారిలో ఒకడు మాత్రం తేలిగ్గా ముందుకు వెళ్లిపోతాడు. మోచేతులు తగిలించడం, చక్రానికి చక్రం రాయడం దీనికి అదనం. నిర్వాహకుల కంటికి ఇది మామూలు తోపులాటలాగే కనిపిస్తుంది, కనిపించకూడదనుకున్నవారికి అసలే కనిపించదు. గెలిచిన సొమ్మును తమలో తాము పంచుకునే ఒప్పందాలు శ్వేతజాతి పోటీదారుల మధ్య ఉండేవి, టేలర్‌కు అలాంటి తోడు లేదు. ప్రతి పందెంలోనూ ఆయన ఒక్కరే ఒక పక్షం.

బహిరంగంగా జరిగినవీ ఉన్నాయి. 1894లో లూయీవిల్‌లో జరిగిన సమావేశంలో, లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అనే జాతీయ సంఘం సభ్యత్వం శ్వేతజాతి వారికే పరిమితమని తీర్మానించింది. అది పోటీలో పాల్గొనడాన్ని నేరుగా నిషేధించకపోయినా, వద్దనాలనుకున్నవారికి అండ అయింది. 1897లో దక్షిణాది ట్రాకుల యజమానులు ఆయన దరఖాస్తులను తిరస్కరించడంతో, అక్కడి పందేల్లో రావలసిన పాయింట్లు రాక జాతీయ విజేత అయ్యే అవకాశం పోయింది. అదే ఏడు మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో పందెం ముగిసిన తరువాత, తన వెనక నిలిచిన విలియం బెకర్ అనే పోటీదారు ఆయనను కిందికి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. పోలీసులు వచ్చి విడిపించారు. ఇంతటి నేరానికి బెకర్‌కు పడిన శిక్ష 50 డాలర్ల జరిమానా.

అయితే పిల్లలకు ఈ దెబ్బలు మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఆయనను కేవలం బాధితుడిగా చూపిస్తే ఆయన పనితనానికి అన్యాయం చేసినట్టే. చుట్టుముట్టే ఎత్తుగడకు విరుగుడును ఆయన సాధనతో సంపాదించారు. ఎదుటివారు ఊహించని క్షణంలో, రెండు మూడు పెడల్ తొక్కుళ్లలోనే వేగం పెంచి సందులోంచి దూరిపోయే విద్య అది. వేరే పోటీదారుకు పది గజాలు పట్టే పనిని ఆయన ఎంతో తక్కువలో చేసేవారు. చిన్నప్పుడు దుకాణం ముందు చేసిన విన్యాసాలు ఇక్కడ పనికివచ్చాయి. సందు అంగుళాల్లో ఉన్నప్పుడు బండి మీద అంత అదుపు లేనివాడు దూరలేడు.

ఎవరూ చుట్టుముట్టలేని పోటీ ఒకటుంది, అది గడియారంతో పోటీ. 1898లో పావు మైలు నుంచి రెండు మైళ్ల వరకు ఏడు ప్రపంచ రికార్డులు ఆయన పేరిట ఉన్నాయి. 1899 నవంబరులో షికాగోలో, ఆవిరితో నడిచే బండి ముందు పోతుండగా దాని వెనక మైలు దూరాన్ని 1 నిమిషం 19 సెకన్లలో తొక్కారు. అంటే గంటకు 73 కిలోమీటర్ల వేగం. ఆ బండి గాలిని చీల్చిపెట్టిందన్నది నిజమే గాని, ఆ వేగంలో దానికి అంటిపెట్టుకుని ఉండటం ప్రాణాలతో చెలగాటం. దానికి మూడు నెలల ముందు, ఆగస్టు 10న, మాంట్రియల్‌లో మైలు పందెంలో ప్రపంచ విజేత అయ్యారు. మరుసటి ఏడు, 1900లో, అమెరికా స్ప్రింట్ విజేత కూడా అయ్యారు. మూడేళ్ల ముందు పాయింట్లు అందనివ్వకుండా చేసి తప్పించిన బిరుదు అది.

ప్రశ్న: ప్రపంచ విజేత అయిన తొలి నల్లజాతి క్రీడాకారుడు టేలరేనా? మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారిది కూడా అదే కాలం కదా?
– పాఠకుడు, సాలూరు

జవాబు: తొలి వ్యక్తి కాదు. కెనడాలో పుట్టిన బాక్సర్ జార్జ్ డిక్సన్ టేలర్ కన్నా ముందే ప్రపంచ విజేత అయ్యారు. అమెరికాలో పుట్టిన నల్లజాతి వారిలో మాత్రం టేలరే మొదటివారు. రామ్మూర్తి నాయుడు గారిది, టేలర్‌ది ఇంచుమించు ఒకే తరం. నాయుడు గారు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరువాత సర్కస్ కంపెనీ పెట్టి, ఉక్కు గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని పేరు తెచ్చుకున్నారు. ఆ ఇద్దరూ టికెట్ కొన్న జనం ముందు దేహబలంతో బతికినవారే, మద్యం జోలికి పోకుండా వ్యాయామాన్ని వ్రతంగా పాటించినవారే.

ప్రశ్న: ఆదివారం పోటీ చేయనని పట్టుబట్టి టేలర్ పెద్ద మొత్తాలు వదులుకున్నారట. యూరప్ వెళ్లినప్పుడు ఏం జరిగింది?
– పాఠకుడు, టెక్కలి

జవాబు: టేలర్ బాప్టిస్ట్ సంప్రదాయానికి చెందిన భక్తుడు. 1898లో తల్లి మరణించాక ఆ నిష్ఠ ఇంకా బలపడింది. యూరప్‌లో పెద్ద పందేలన్నీ ఆదివారాలే జరిగేవి కనుక, అక్కడి నిర్వాహకులు మొదట పంపిన ఆహ్వానాలకు, చెప్పిన డబ్బు ఎంత పెద్దదైనా, ఆయన ఒప్పుకోలేదు. చివరకు వారే దిగివచ్చి, 1901 పర్యటనలో ఆయన పందేలను మిగతా రోజుల్లో ఉంచారు. పనిదినాన సైతం జనం పోటెత్తుతారన్న ధీమా వారికి ఉంది, అది వమ్ము కాలేదు.

ఆ పర్యటనలో అందరూ ఎదురుచూసింది ఎడ్మాన్ జాక్లాన్‌తో పోటీ. ఆయన ఫ్రాన్స్ విజేత, 1900 ప్రపంచ విజేత, పారిస్ గ్రాండ్ ప్రీ విజేత. ఇద్దరు మాత్రమే తలపడే ఈ పందెంలో మొదటి చుట్టు చూస్తే, తెలియనివారికి విసుగు పుడుతుంది. ముందు పోతే గాలి తనకే తగులుతుందని ఇద్దరూ వెనక ఉండాలని చూస్తారు. సైకిల్‌ను కదలకుండా నిలబెట్టి, ఎదుటివాడిని ముందుకు పోయేలా చేసే పట్టు కూడా అందులో భాగమే. తరువాత రెండు వందల మీటర్లు ఉందనగా ఒక్కసారిగా విజృంభిస్తారు. 1901 మే 16న పార్క్ దే ప్రెన్స్‌లో, చలి వాతావరణంలో, జాక్లాన్ గెలిచి, ముక్కు మీద బొటనవేలు పెట్టి టేలర్‌ను వెక్కిరించాడు. మే 27న ఇద్దరూ మళ్లీ తలపడినప్పుడు టేలర్ వరుసగా రెండు పందేలూ గెలిచి, మాట పలకకుండా చిన్న అమెరికా జెండాను ఊపుతూ ట్రాక్ చుట్టూ తిరిగారు. ఏ దేశంలో హోటల్ గది, భోజనం అడిగితే లేదన్నారో ఆ దేశపు జెండానే ఊపడం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అది ఎవరినో మెప్పించడానికి చేసింది కాదు, ఈ జెండా నాది కూడా అని చెప్పడానికే చేశారని నమ్ముతున్నాను.

ఆ తరువాత 1902 మార్చిలో డైసీ మోరిస్‌ను వివాహమాడి, వరుసగా రెండు సార్లు ఆస్ట్రేలియా వెళ్లారు. 1904 మేలో సిడ్నీ నగరంలోనే పుట్టిన కుమార్తెకు రీటా సిడ్నీ అని పేరు పెట్టారు. అక్కడ ప్రేక్షకులు ఆదరించినా, అమెరికా నుంచి వచ్చిన తోటి పోటీదారుల పాత పగలు వెంటాడాయి. మెల్‌బోర్న్‌లో ఐవర్ లాసన్ అడ్డురావడంతో ఆయన ట్రాక్ మీద పడి తీవ్రంగా గాయపడ్డారు, లాసన్‌ను కొంతకాలం పోటీల నుంచి తప్పించారు. అమెరికా తిరిగొచ్చాక ఒళ్లూ మనసూ అలసిపోయి కొన్నేళ్లు పందేలకు దూరంగా ఉండి, 1907లో మళ్లీ ఫ్రాన్స్‌లో దిగి, 1910లో విరమించారు.

ప్రశ్న: అంత సంపాదించిన మనిషి చివరకు ధర్మాసుపత్రిలో చనిపోయారట. కారణం ఏమిటి? దుర్వ్యసనాలేమైనా ఉన్నాయా?
– పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: దుర్వ్యసనాల ఊసే లేదు. మద్యం, పొగాకు ముట్టని మనిషి. కారణాలు కొన్ని కలిసి వచ్చాయి. మోటారు కార్లు, మోటారు సైకిళ్లు వచ్చాక జనం వేగం చూడటానికి వాటి వెంట పోయారు, సైకిల్ ట్రాకుల ఆదాయం సన్నగిల్లింది. ఆ రోజుల్లో పింఛను లేదు, ఆటగాళ్ల సంఘం అండా లేదు. ముప్పై రెండేళ్ల వయసులో విరమించిన టేలర్ వూస్టర్‌లోని పాలిటెక్నిక్ విద్యాసంస్థలో చేరాలనుకున్నా, హైస్కూల్ పట్టా లేదని చేర్చుకోలేదు. కార్లకు లోహపు స్ప్రింగులతో టైర్లు తయారుచేయాలని తన డబ్బు, తెచ్చిన డబ్బు పెట్టుబడిగా పెట్టారు, అది నిలదొక్కుకోలేదు. ఆరోగ్యం దెబ్బతింది. ఇల్లు, నగలు ఒక్కొక్కటిగా పోయాయి. సంసారంలోనూ ఎడబాటు వచ్చింది.

తన జీవితకథను ఆయన తానే రాసి, తన ఖర్చుతో అచ్చువేయించి, ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నారు. 1929లో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలిన తరువాత పుస్తకం కొనేవారు ఎంతమంది ఉంటారు? షికాగోలో వైఎంసీఏ గదిలో ఉంటూ, 1932 జూన్ 21న కుక్ కౌంటీ ఆసుపత్రి పేదల వార్డులో 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. శరీరాన్ని అడిగి తీసుకునేవారు లేక మౌంట్ గ్లెన్‌వుడ్ శ్మశానంలో గుర్తు లేని చోట పాతిపెట్టారు. 1948లో కొందరు పాత సైకిల్ పందెగాళ్లు, ష్విన్ సైకిల్ కంపెనీ అధిపతి ఫ్రాంక్ ష్విన్ ఇచ్చిన సాయంతో, ఆ సమాధిని వెతికి పట్టుకుని, అదే శ్మశానంలో మంచి చోటికి మార్చి ఫలకం వేయించారు. ఇండియానాపొలిస్ నగరం 1982లో తన సైకిల్ ట్రాక్‌కు ఆయన పేరు పెట్టింది. వూస్టర్ గ్రంథాలయం దగ్గర 2008లో స్మారక శిల్పం నెలకొల్పారు.

వివాదాలు, ఆస్తులు పోవడం, చివరి రోజులు అన్నీ రాస్తూ పోయి ఆయన బుద్ధి తక్కువ మనిషి అన్నట్టు చెప్పే వ్యాసాలు నాకు నచ్చవు. ఎదురైన ప్రతి తలుపూ మూసుకున్నా కొత్త పని మొదలుపెట్టిన మనిషి ఆయన. పెట్టుబడులు పోగొట్టుకున్నవారు ఆ కాలంలో లక్షల్లో ఉన్నారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు, సైకిల్ అంటే ప్రాణం. మన దేశంలో ట్రాక్ సైక్లింగ్ ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తండ్రి, రాజాం

జవాబు: ఉంది. హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 2002 జాతీయ క్రీడల కోసం నిర్మించిన ట్రాక్ ఉంది, ఢిల్లీలోని ఇందిరా గాంధీ స్టేడియంలో కప్పు కింద నడిచే చెక్క ట్రాక్ ఉంది. అండమాన్‌కు చెందిన ఏసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ విభాగంలో (మోటారు బండి వెనక కొన్ని చుట్లు తొక్కి, చివర్లో దూసుకుపోయే పందెం) రజతం గెలిచారు. మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్ 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో స్ప్రింట్ రజతం సాధించారు. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ప్రాంతం మనది. బరువులెత్తడంలో మనకు పేరు తెచ్చిన తొడ బలమే స్ప్రింట్ సైక్లింగ్‌కూ మూలం. మన పిల్లలకు ఇది అందని ఆట అని నేను అనుకోను.

ప్రారంభానికి ట్రాక్ అక్కర్లేదు. పదిహేనేళ్ల వయసులో మామూలు సైకిల్ మీదే, ఉదయం వాహనాలు తక్కువగా ఉండే వేళ, వారానికి మూడు నాలుగు రోజులు సమానమైన వేగంతో గంటసేపు తొక్కించండి. ఒక రోజు మాత్రం చదును దారి మీద రెండు వందల మీటర్ల దూరాన్ని పూర్తి బలంతో నాలుగైదుసార్లు, మధ్యలో బాగా విశ్రాంతి ఇస్తూ తొక్కించి, సమయాన్ని పుస్తకంలో రాసిపెట్టండి. సీటు ఎత్తు సరిచూడండి. పెడల్ అడుగుకు దిగినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి, మన పిల్లలు చాలామంది సీటు బాగా దించి తొక్కి మోకాళ్లు పాడుచేసుకుంటున్నారు. ఫ్రీవీల్ లేని బండి కావాలని అబ్బాయి అడిగితే, ఖాళీ మైదానంలోనే తొక్కనివ్వండి, రోడ్డు మీదికి తెస్తే ముందు చక్రానికి బ్రేకు తప్పకుండా పెట్టించండి. శిరస్త్రాణం ఎక్కడ తొక్కినా ఉండాలి. జిల్లా స్థాయి సైక్లింగ్ ఎంపికలు జరిగినప్పుడు వయసు ధ్రువపత్రం అడుగుతారు కనుక, జనన ధ్రువీకరణ పత్రాన్ని, ఆధార్ నకలును సిద్ధంగా ఉంచుకుని, బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడి ద్వారా పేరు నమోదు చేయించండి.